మార్తమ్మగారు పోసిన నీళ్ళు

పనసపండు వాసన తగిలితే నా చేయి ఇప్పటికీ చెంబు కోసం వెతుకుతుంది. ఈ ఉదయం మా ల్యాబు వరండాలో ఒకామె తొనల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నౌపడ దగ్గర చిన్న ఆసుపత్రిలో నాకు పని నేర్పిన మార్తమ్మగారు గుర్తొచ్చారు.

ఆమె అక్కడ ల్యాబు టెక్నీషియను. బాప్టిస్టు చర్చి కుటుంబం. వాళ్ళ తాత మా ఉప్పుమళ్ళలో పనిచేసినవాడు. నేను ఆమె కింద సహాయకుడిగా చేరేనాటికి మళ్ళూ పోయాయి, మేడా పోయింది. వంగని మెడ ఒక్కటే మిగిలింది. మొదటి రోజే షుగరు చూసే మిషనూ, అందులో దూర్చే పట్టీ నా చేతికిచ్చి చెప్పారు: "ఈ పట్టీ సివర ఒక పూత ఉన్నాది బాబూ. సెక్కర తగిల్తేనే అది పలుకుతాది. అప్పుడు పుట్టే కాసింత కరెంటుని మిషను అంకె సేసి సూపిస్తాది. అందుకే ముందు సేతులు కడిగించు, ఆరనీ, తర్వాతే సూది." తలూపాను. శుభ్రం గురించి నాకు చెప్పాలా అనుకున్నాను.

నెల తిరక్కుండానే మా అమ్మ తల తిరుగుతోందని వచ్చింది. పనసపండు కోస్తూ కోస్తూ, నూనె చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చేసింది. మా ఇంట్లో పెద్దవాళ్ళని చేతులు కడుక్కోమనడం పెద్ద అవమానం. పైగా వరసలో ఊరంతా ఉంది. అలాగే సూది గుచ్చాను. నాలుగొందల పన్నెండు! నాన్న షుగరుతోనే పోయారు. డాక్టరుగారు ఇన్సులిన్ ఇమ్మన్నారు. నర్సు సిరంజి నింపుతోంది.

"ఆగమ్మా," అని నర్సుతో అంటూ మార్తమ్మగారు లోపలికొచ్చి, అమ్మ జిగురు చేతులకేసి చూశారు. "ఏటి బాబూ, సేతులు కడిగించినావా?"

నేను పట్టీల డబ్బా మూత బిగించాను.

"అమ్మగారికి సెప్పడానికి నామోషీయా?"

తిట్టలేదు. చెంబూ పళ్ళెమూ తెచ్చి, "పట్టండమ్మగారూ" అంటూ భోజనానికి పిలిచిన చుట్టానికి పోసినట్టు నీళ్ళు పోశారు. అమ్మ చేతులు చాచి, "ఈ జిగురు ఓ పట్టాన వదలదే, మార్తా" అని నవ్వింది. సబ్బుతో తోమి, పొడిగా తుడిచి, ఆమే ఇంకో వేలికి గుచ్చారు. నూట ముప్పై ఎనిమిది. అమ్మకి తగిలింది ఎండ దెబ్బే. నర్సు సిరంజి పక్కన పెట్టేసింది. ఆ మందు ఒంట్లోకి వెళ్ళి ఉంటే షుగరు మరీ పడిపోయి అమ్మ అక్కడే సొమ్మసిల్లిపోయేది.

"దానికి సెక్కరే తెలుసు బాబూ," అన్నారు మార్తమ్మగారు. "నెత్తురులోదో, పనసతొనదో దానికేటి తెలుస్తాది? మీ ఇంటిపేరు అసలే తెలీదు." అమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రావడానికి చాలా రోజులు పట్టింది.

మార్తమ్మగారు ఇప్పుడు లేరు. మా ఇంటి నుంచి నాకు మిగిలిన ఇత్తడి చెంబు ల్యాబులో ఉంది. ఈ ఉదయం దాన్ని నింపి వరండాలోని ఆమె ముందు వంగాను.

"అయ్యో, మీరు పోస్తారేటి బాబూ!"

"పట్టమ్మా."

అంకె మంచిదే వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఆమె నా చేతిలో ఒక తొన పెట్టింది. తిని, తరవాతి మనిషిని పిలిచే ముందు, నా చేతులు కడుక్కున్నాను.