చెట్టు మీంచి పడని మనిషి

వరి పండే ఊళ్ళలో చర్చిల వాళ్ళు కోతల పండుగ చలికాలంలో చేసుకుంటారు. ముసునూరు అవతల మెట్టన ఉన్న ఈ ఊళ్ళో మాత్రం మామిడికాయ దిగితేనే పండుగ. ఎవరి దొడ్లో ఏది పండితే అందులో మొదటిది తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటన్నిటికీ వేలంపాట. ఆ డబ్బు చర్చికే పోతుంది గనక పంతం పట్టినవాళ్ళు సొరకాయకి కూడా మేకపిల్ల ధర పలికిస్తారు. వేలం నడిపిస్తూ వాళ్ళకి పంతం పుట్టించే పని చాలా ఏళ్ళుగా చిన్నరాయప్పది.

రాయప్ప యాభై దాటిన మనిషి. నాగరాజు గారి తోటలో కోత మేస్త్రి. మీసం రాకముందే చెట్లెక్కాడు, కాయ తెంపే వల గెడ చిక్కం పట్టాడు. తోటల్లో బతికినవాళ్ళలో ఒక్కసారైనా చెట్టు మీంచి పడనివాడు అరుదు. రాయప్ప పడలేదు. ఆ గొప్ప తనంతట తను చెప్పుకునేవాడు కాదు. ఎవరైనా ఎత్తేదాకా ఆగేవాడు. ఎవరూ ఎత్తకపోతే మాటని మెల్లగా అటు తిప్పేవాడు.

బీపీని పట్టించుకోకుండా తిరిగి తిరిగి చివరికి కిడ్నీలు పాడుచేసుకున్నాడు. ఇప్పుడు రోజు విడిచి రోజు నూజివీడు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు. నాగరాజు గారు మంచాయన కాబట్టి రాయప్పని మానిపించలేదు. చెట్టు కింద స్టూలు వేయించారు. ఏ కొమ్మ కాయ ముదిరింది, ఏది ఇంకో వారం ఆగాలి అన్నది రాయప్ప కింద నుంచి చెబుతాడు, పైవాళ్ళు కోస్తారు. అంటే ఒకరోజు పేషెంటు, ఒకరోజు మేస్త్రి. మేస్త్రిగా ఉండే రోజు కోసమే పేషెంటుగా ఉండే రోజుని భరిస్తున్నాడని భార్య సవరమ్మ అంటుంటుంది. అది నిజం.

మొన్నటి కోతల పండుగలో ఒక నాటుకోడి దగ్గర పాట ఆగిపోయింది. తోటలో కాయ కోసే క్రీస్తుదాసు ఒకవైపు, వాళ్ళ బావమరిది ఒకవైపు. ఇద్దరికీ కోడి అక్కర్లేదు. ఒకరికి దక్కకూడదని ఇంకొకరి పట్టుదల. రాయప్ప ఇద్దరినీ సమానంగా ఎగదోసి, రెండోసారి అని సాగదీసి, మూడోసారి అంటూ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. ఏటా అలాగే కొడతాడు. ఈసారి టప్‌మని వేరే చప్పుడు వచ్చింది. అందరూ బల్ల వంక చూశారు. రాయప్ప కూడా బల్లవంకే చూశాడు. బల్ల బాగానే ఉంది.

తక్కిన గుమ్మడికాయలూ, గుడ్లూ, అరటిగెలలూ చప్పుడు లేకుండానే వేలం వేశాడు. రాయప్పకి గొంతు తగ్గిందనుకున్నారు జనం. ఇంటికి చేరేసరికి కుడి మణికట్టు పనసతొనలా ఉబ్బి ఉంది.

సవరమ్మ ఆసుపత్రికి పోదాం పదమంది. రాయప్ప కదల్లేదు. చెయ్యి నొప్పి కన్నా అతన్ని ఇంకో సంగతి బాధపెట్టింది. బల్ల మీద కొడితే చెయ్యి విరిగిందని ఊళ్ళో ఎలా చెప్పుకోవడం? అప్పడం విరిగినట్టు విరిగాడంటారు. కోడిని వేలం వేయబోయి చెయ్యి పోగొట్టుకున్నాడంటారు. తెల్లారేదాకా ఆలోచించి తనకి తగిన కారణం ఒకటి వెతుక్కున్నాడు. చెట్టు మీంచి పడ్డాడు.

ఇన్నేళ్ళు కాపాడుకున్న పేరుని అలా తన చేతులతో తనే కింద పడేశాడు. అయినా అదే గౌరవం అనిపించింది. ప్రైవేటు ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేసిన డాక్టరుకి ఆ మాటే చెప్పాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. చెట్టు మీంచి పడ్డవాడికి చెయ్యి విరగడంలో అడగడానికేముంది? ఊళ్ళో మాత్రం అడిగారు. ఏ చెట్టు, ఎంత ఎత్తు, కొమ్మ విరిగిందా, కాలు జారిందా అని అడిగారు. తోతాపురి చెట్టు అంటే పొట్టిదంటారని నాగరాజు గారి తోటలో అన్నిటికన్నా పాతదైన పెద్దరసం చెట్టు ఖాయం చేశాడు. పండుగ మర్నాడు తెల్లవారుజామున, కోతవాళ్ళు రాకముందు పడ్డానన్నాడు. వినేవాళ్ళ కళ్ళు పెద్దవయ్యేకొద్దీ కొమ్మ కూడా పైకి జరుగుతూ పోయింది.

ఆ కొమ్మ నాగరాజు గారి చెవిదాకా ఎక్కింది. కొబ్బరిబోండాల గెల పట్టుకుని పలకరించడానికి వచ్చారు. డయాలసిస్ వాళ్ళకి కొబ్బరినీళ్ళు విషంతో సమానమని ఆయనకి తెలియదు. సవరమ్మ ఆయన మనసు నొచ్చుకోకుండా లోపలికి తీసుకెళ్ళి పెట్టింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"రాయప్పా, చెట్టెక్కొద్దని నీకు దణ్ణం పెట్టి మరీ చెప్పాను గదయ్యా. నీకేమన్నా అయితే ఈవిడకి నేనేం సమాధానం చెప్పను? ఇక తోటకి రాకు."

రాయప్ప నోరు తెరిచాడు. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన వెనక పలకరింపుకి వచ్చిన జనం ఇల్లంతా నిండి ఉన్నారు. నోరు మూసుకున్నాడు. తోట నిండా కాయ, కోత జోరు మీద ఉంది. రాయప్పకి ఇక అన్ని రోజులూ పేషెంటు రోజులే అయ్యాయి.

డయాలసిస్ గదిలో మిషన్లు చూసే ప్రసన్న కట్టు చూసి ఎలా జరిగిందని అడిగింది. రాయప్ప పెద్దరసం చెట్టు దగ్గర మొదలెట్టాడు. ఆ పిల్ల సూది సర్దుతూ మధ్యలోనే ఆపింది.

"మంచం ఎక్కడానికి పిన్నిగారు చెయ్యి పట్టుకోవాలి. మీరు చెట్టెక్కారా బాబాయ్‌గారూ?"

సవరమ్మ గోడవైపు తిరిగి నవ్వుకుంది. పక్క మంచంలో విస్సన్నపేట నుంచి వచ్చే లక్ష్మి అనే పెద్దావిడ ఉంది. ఆవిడ కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"నాకు పోయినేడు తుమ్మితే పక్కటెముక విరిగింది. మా కోడలు ఇప్పటికీ నమ్మదు. బాత్‌రూంలో పడి దాస్తున్నానంటది."

రాయప్ప బల్ల సంగతి చెప్పాడు. కోడి సంగతి కూడా చెప్పాడు. ఎవరూ నవ్వకపోవడం అతనికి వింతగా తోచింది. ప్రసన్న నవ్వకపోగా వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

చెట్టు మీంచి పడి విరిగితే అది దెబ్బ, బల్ల కొట్టి విరిగితే అది జబ్బు అని డాక్టరమ్మ వివరించింది. కిడ్నీలు పనిచెయ్యకపోతే తిండిలోని భాస్వరం రక్తంలో పేరుకుంటుంది. దాన్ని సర్దబోయి మెడలోని చిన్న గ్రంథులు ఎముకల్లోని సున్నాన్ని లాగేస్తాయి. టెంకపురుగు పట్టిన కాయలా అన్నమాట అన్నాడు రాయప్ప, పైకి నునుపుగానే ఉంటుంది, లోపల గుల్ల. సరిగ్గా అదేనందావిడ. ఇప్పుడు మణికట్టుతో పోయింది, ఈసారి జారిపడితే తుంటి ఎముక పోతుందని హెచ్చరించింది. రక్తపరీక్షలు రాసింది. భాస్వరం ఒంటికి పట్టకుండా భోజనంతోపాటు వేసుకోమన్న మాత్రలు ఎలా వేసుకుంటున్నావని అడిగింది.

అదీ బయటికొచ్చింది. తోటలో అందరూ వరసగా కూర్చుని క్యారేజీలు విప్పుకుంటారు. మేస్త్రి అయ్యుండి వాళ్ళందరి మధ్యా మాత్ర మింగడం నామోషీ. సాయంత్రం ఇంటికొచ్చాక మంచినీళ్ళతో వేసుకునేవాడు. అన్నంతో కలవని ఆ మాత్ర వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే అంది డాక్టరమ్మ. సవరమ్మ ఈసారి నవ్వలేదు.

మర్నాడు భర్తని ఆటోలో తోటకి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం తిండివేళ. కోత మనుషులంతా నీడన ఉన్నారు. నాగరాజు గారు కాయల రాశి దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన్ని పక్కకి పిలవమన్నాడు రాయప్ప. అందరి ముందే చెప్పమంది సవరమ్మ, అబద్ధం అందరికీ చెప్పావు కదా అని. చెప్పాడు. క్రీస్తుదాసుకి అన్నం పొలమారింది. ఎవరో కిసుక్కుమన్నారు.

నాగరాజు గారు మాత్రం నమ్మలేదు. చెట్టు మీంచి పడ్డాడంటే వెంటనే నమ్మిన మనిషి, బల్ల అనేసరికి మొహం చిట్లించారు. పని కోసం ఏదో ఒకటి అల్లుకొచ్చావన్నారు. చేత్తో బల్ల కొడితే ఎవరికైనా ఎముక విరుగుతుందా అని కోత మనుషుల్ని కూడా అడిగారు. విరగదని వాళ్ళు తలలూపారు.

"అబద్ధమే ఆడాలంటే ఇంతకన్నా పరువైంది ఆడనా అండీ?" అన్నాడు రాయప్ప.

పరువైన అబద్ధం నాగరాజు గారు ఇంతకుముందే విని ఉన్నారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నట్టున్నారు. అంత లేత ఎముకలవాడివి తోటలోకి ఎందుకయ్యా అన్నారు కానీ, ఆ గొంతులో అంతకుముందు కోపం లేదు. చెట్టెక్కేవాణ్ణి నేను ఆపలేను, కూర్చునేవాణ్ణయితే కూర్చోబెట్టగలను అన్నారు. స్టూలు తీసేయించి చేతులున్న కుర్చీ తెప్పించారు. కుర్చీలోంచి లేవకూడదని షరతు పెట్టారు.

రాయప్ప కూర్చున్నాడు. సవరమ్మ క్యారేజీ విప్పి, రెండు ముద్దలయ్యాక మాత్ర అందించింది. అందరూ తినడం ఆపి చూశారు. దేనికి మావయ్యా అని క్రీస్తుదాసు అడిగాడు. ఎముకలకిరా అన్నాడు రాయప్ప. అంతే, ఎవరి ముద్ద వాళ్ళు కలుపుకున్నారు.

ఒక చెట్టు కోత అయ్యాక చిక్కొచ్చింది. లేవకూడదన్నారు, ఇంకో చెట్టు దగ్గరికి వెళ్ళాలి. కోతవాళ్ళు ఆలోచించకుండా కుర్చీతో సహా రాయప్పని ఎత్తుకుని పెళ్ళికొడుకుని మోసినట్టు బయల్దేరారు. రాయప్ప దించమని కేకలేస్తూనే కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. దూరం నుంచి సవరమ్మ చూసింది. ఆవిడ తిట్లకి చెట్ల మీద ఉన్నవాళ్ళు కూడా దిగొచ్చారు. చెట్టు మీంచి పడని మనిషిని కుర్చీలోంచి పడేస్తారా అని అడిగింది. వాళ్ళు నెమ్మదిగా దించారు.

అప్పటినుంచి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి కుర్చీ ముందు వెళుతుంది. క్రీస్తుదాసు భుజం పట్టుకుని, గట్లూ గుంటలూ చూసుకుంటూ, చంటిపిల్లాడిలా అడుగులేస్తూ రాయప్ప వెనక వెళతాడు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. కూర్చున్నాక మాత్రం తల పైకెత్తి, ఆ తూర్పు కొమ్మ వదిలెయ్యండి, ఇంకా పసరుంది అంటాడు. వాళ్ళు వదిలేస్తారు.