అల్లుడి కాలు

ఒకప్పుడు దివిసీమలో మాకు వందల ఎకరాలుండేవి. ఇప్పుడు మిగిలింది ఇంటిపేరు ఒక్కటే. ఆ పరువు కోసమే నా బోదకాలిని ఏళ్ళ తరబడి పంచె కింద దాచాను. పోయినేడాది చర్మం పగిలి జ్వరమొచ్చింది. ఇంకా అశ్రద్ధ చేస్తే నడవలేనని డాక్టరు హెచ్చరించారు. బందరులోనైతే అందరూ ఎరిగినవాళ్ళేనని గుడివాడ క్లినిక్కుకు వెళ్ళాను.

కాలిని శుభ్రం చేసుకోవడం నేర్పడానికి నర్సు అక్కడికొచ్చిన బోదకాలు రోగులందర్నీ జంటలుగా కూర్చోబెట్టి, గ్లవ్స్ ఇచ్చి, ఒకరి కాలు ఒకరు సబ్బుతో కడగమంది. నా జంట, పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే డెబ్బై ఏళ్ళ పెద్దాయన, వాచిన కాలు నా ముందు టబ్బులో పెట్టారు. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"మా ఇంట్లో అల్లుళ్ళ కాళ్ళు తప్ప ఎవరివీ కడగమండీ."

"అయితే నేనే మీ అల్లుణ్ణి. కానివ్వండి మావయ్యగారూ!"

"మరి పెళ్ళికూతురేదండీ?" అంది నర్సు.

గది గొల్లుమంది. నాకూ నవ్వు తన్నుకొచ్చి, చెయ్యి జారి టబ్బు ఒరిగి, మామా అల్లుళ్ళం నిలువునా తడిసిపోయాం. తర్వాత ఆయన నా కాలు కడిగారు. మా ఆవిడకైనా సరిగ్గా చూపించని కాలది.

ఇప్పుడు వాపు తగ్గుతోంది. పరువు పోతుందని భయపడ్డ రోజే నేను జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా నవ్వాను.