జేబులో మిగిలిన గులకరాయి

సహోదరులారా, సహోదరీలారా, ఇరవై మూడు రోజులు నేను మోకాళ్ల మీద ఉండి కూడా ప్రార్థన చేయలేకపోయాను. పెదవులు కదిలేవి, ఒళ్లు వంగేది, కన్నీళ్లు కూడా వచ్చేవి, అయినా నేను మాట్లాడుతున్నది దేవునితో కాదని నాకే తెలిసిపోయేది! అంతకుముందు నాకు రోగం వచ్చింది, ఇంట్లో పస్తులు వచ్చాయి, మొదటి కాన్పులో బిడ్డ పోయింది, అప్పుడు కూడా నాకు ప్రార్థన ఆగలేదు. ఇది మాత్రం నా చేతులారా తెచ్చుకున్న చీకటి, దానిలో నుండి ప్రభువు నన్ను ఎలా బయటకు లాగాడో చెప్పుకోవడానికే ఈ రోజు పుంగనూరు నుండి రెండు బస్సులు మారి మీ ముందుకు వచ్చాను.

నా పేరు సుగుణమ్మ. మీలో పాతవాళ్లకు నేను తెలుసు. డెబ్బైలలో మేము ఈ కుప్పంలోనే ఉన్నాం, ఈ మందిరంలోనే కూర్చున్నాం. నా భర్త ప్రకాశానికి పని దొరకాలని నేను రెండేళ్లు ఉపవాసాలు చేశాను. చివరికి రాతి క్వారీ కంపెనీలో కూలీల మీద మేట్ ఉద్యోగం వచ్చింది, ఉండటానికి పనివాళ్లకు వరసగా కట్టిన లైన్లలో ఒక కంపెనీ ఇల్లు కూడా ఇచ్చారు. అప్పుడు ఇదే చోట నిలబడి, నా దేవుడు కొండలో నుండి మాకు అన్నం పెట్టాడని సాక్ష్యం చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ ఓనరే ఈ మందిరానికి రేకులు కప్పించాడు. మన పాస్టరు అయ్యగారు నవ్వుతున్నారు, ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలుసు, మీకు కూడా ఇప్పుడు తెలుస్తుంది. ఓనరు పేరు మాత్రం చెప్పను, ఆయన పిల్లలు ఇదే ఊళ్లో తలెత్తుకుని తిరగాలి కదా.

మా ఆయన పని తూటాలు పేల్చే దగ్గర. బండకు రంధ్రాలు వేసి, మందు కూరి, వత్తులు ముట్టించి, అందరూ దూరంగా పోయి దాక్కుంటారు. అప్పుడు మేట్ చేయాల్సిన ముఖ్యమైన పని లెక్కపెట్టడం. ఎన్ని వత్తులు ముట్టించారో అన్ని గులకరాళ్లు మా ఆయన చొక్కా జేబులో వేసుకునేవాడు, ఒక్కొక్క పేలుడు వినబడినప్పుడు ఒక్కొక్క రాయి తీసి పారేసేవాడు. జేబు ఖాళీ అయితే మనుషులు దిగవచ్చు. ఒక్క రాయి మిగిలినా, లోపల పేలని తూటా ఉన్నట్టే లెక్క, అరగంట దాకా చీమ కూడా దిగకూడదు. అది పాత మేట్ల దగ్గర నేర్చుకున్న పద్ధతి. కొండ మోసం చేస్తుంది, ఒక పేలుడు మారుమోగి రెండుగా వినబడుతుంది, అందుకే నోటి లెక్కను నమ్మకుండా రాయిని నమ్మేవాళ్లు.

ఎనభైలు మొదలైన కొత్తలో ఒక రోజు ఏడు వత్తులు ముట్టించారు. ఆరు పేలుళ్లు వినబడ్డాయి. మా ఆయన దిగొద్దన్నాడు. మేనేజరు మాత్రం రెండు ఒకేసారి పేలినాయి, లారీ నిలబడి ఉండాది, దించుతావా లేదా అని కసిరాడు. మా ఆయన రెండోసారి వద్దనలేదు. నోరు మూసుకుని పక్కకు జరిగాడు. బైరెడ్డిపల్లె దగ్గరి మునెప్ప అనే మనిషి, రంధ్రాలు వేసేవాడు, గడ్డపార తీసుకుని ముందుగా దిగాడు. ఏడోది అప్పుడు పేలింది. మునెప్పకు రెండు కళ్లు పోయాయి, కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది.

మా ఆయన అతన్ని భుజాన వేసుకుని పైకి మోసుకొచ్చాడు. ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఆ చొక్కా విప్పి నా ముందు పడేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను చొక్కాను పంపు దగ్గరకు తీసుకుపోయి తడుపుతుంటే, జేబులో గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే గులకరాయి! దేవుడు సాక్షి, ఆ రాయి చేతిలో పడగానే నాకు అంతా అర్థమైంది. పేలని తూటా ఉందని ఈయనకు తెలుసు, తెలిసి ఊరుకున్నాడు, రేపు పోలీసులు వస్తే ఈయన్నే పట్టుకుపోతారు. అంతే, వెనకాముందు చూడలేదు, కంచెలోకి విసిరేశాను. నా నోటికి తాళం వేసేవాడు పుట్టలేదని మా అమ్మ అంటూ ఉండేది. ఆ రోజు నేనే వేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత మా ఆయన అడిగాడు. “సుగుణా, నా చొక్కా జోబీలో ఏమన్నా ఉండెనా?” నేను తల ఎత్తకుండా బియ్యం ఏరుకుంటూ “ఏమీ లేదే, యాల అడగతాండావు?” అన్నాను. ఆయన, “అట్లయితే దిగేముందరే ఏడూ పేలినట్టే. నాకే తికమక అయిపోయిండాది” అన్నాడు. నా అబద్ధం ఆయన గుర్తునే చెరిపేసింది సహోదరులారా! ఆరోజు నుండి మేనేజరు ఏది చెబితే అదే నిజమేమో అనుకోవడం మొదలుపెట్టాడు.

మేనేజరు చెప్పిందేమిటంటే, ఏడూ పేలాయి, తర్వాత పేలింది ఎప్పటిదో పాత తూటా, మునెప్ప తాగొచ్చి, మేట్ వద్దన్నా వినకుండా, మత్తులో గడ్డపారతో దాన్ని పొడిచాడు. విచారణకు గనుల శాఖ ఆఫీసరు వస్తాడు, మా ఆయన ఆ ముక్కే చెప్పాలి. ఓనరు మా ఆయన్ని ఆఫీసుకు పిలిపించి, కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, చెప్పకపోతే ఇల్లు ఖాళీ చేయాలనీ, చుట్టుపక్కల ఏ క్వారీలోనూ గడ్డపార పట్టనివ్వననీ నెమ్మదిగా చెప్పాడట. గొంతు పెంచేవాడు కాదు ఆయన, అదే ఇంకా భయం. మా ఆయన ఇంటికి వచ్చి ఏం చేయమంటావని నన్ను అడిగాడు. నేను ఏమన్నానో ఈ మైకులో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. “చెప్పేసిరా పో. మునెప్ప మనోడా ఏమన్నానా? గంగమ్మకు మొక్కేవోడు. మనకు ముగ్గురు పిలకాయలు ఉండారు” అన్నాను. ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునేదాన్ని నేను!

అంతటితో ఆగలేదు. మునెప్పను మదనపల్లె ఆసుపత్రిలో ఉంచారు. ప్రార్థన చేసే మనిషి పోతే మునెప్ప ఇంటివాళ్లు మెత్తబడతారని మేనేజరు నన్నే ఒక దుప్పటి, రెండు డజన్ల అరటిపళ్లు ఇచ్చి అక్కడికి పంపించాడు. పోయాను. వెంకటగిరికోట, పలమనేరు, పుంగనూరు మీదుగా పోయేదాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

మునెప్ప మంచం మీద కట్లతో ఉన్నాడు. పక్కన భార్య చెంగమ్మ. పలకరించగానే మునెప్ప నా గొంతు గుర్తుపట్టి లేవబోయాడు. “ప్రకాశన్న బాగుండాడా అమ్మా? నన్ను మోసింది ఆయనేనంట గదా” అన్నాడు. నేను పళ్లు పెట్టాను. మునెప్ప గొంతు తగ్గించి అడిగాడు.

“అమ్మా, నేను ఆ పొద్దు తాగిన్నంట గదా? ఆపీసోళ్లు వచ్చి చెప్పినారు. నేను మానేసి నాలుగేండ్లాయె. పెద్దోడు పుట్టినప్పుడు గంగమ్మ ముందర ఒట్టేసినాను. ఆ పొద్దు యాల తాగినానో, ఎంత యోచన చేసినా గ్యాపకం రాలేదమ్మా.”

చెంగమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కూడా నమ్మేసింది! మొగుడు ఒట్టు తప్పాడు కాబట్టే గంగమ్మ కళ్లు తీసుకుందని ఆ ఇద్దరూ నమ్మేశారు. “నాకోసరం మీ దేవునికి ఒక మాట చెప్పమ్మా” అన్నాడు మునెప్ప. నేను కళ్లు మూసుకున్నాను, ప్రభువా అన్నాను, తర్వాత మాట రాలేదు. ఎంత పెనుగులాడినా రాలేదు. దుప్పటి మంచం మీద పెట్టి బయటకు వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో పుంగనూరు బస్టాండులో దిగి, కుప్పం వైపు పోయే బస్సు వస్తే ఎక్కలేదు. సిమెంటు దిమ్మె మీద కూర్చుండిపోయాను. చుట్టూ జనం, వేరుశనక్కాయలు అమ్మేవాళ్లు, కండక్టర్ల కేకలు. అక్కడ, ఇరవై మూడు రోజుల తర్వాత, నాకు ప్రార్థన వచ్చింది. “ప్రభువా, వాని కండ్లు బండ తీసింది, చెయ్యి బండ తీసింది, వాని మాట నేను తీసినాను. నా మొగుని భయం పోగొట్టమని నిన్ను అడగతాండానే, భయం నాదే నాయనా, నాదే! ఇల్లు పోతే పోనీ. ముందు నన్ను దీంట్లోనుంచి తప్పించు” అని గట్టిగానే అన్నానేమో, పక్కనున్న ముసలామె నా వీపు నిమిరింది. అప్పటికప్పుడు మెరుపులు రాలేదు, దర్శనాలు రాలేదు. కాళ్లు మాత్రం లేచాయి. తర్వాతి బస్సు ఎక్కాను.

ఇంటికి పోయి, మా ఆయనకు సంగటి ముద్ద పెట్టి, ఆయన చెయ్యి కడుక్కున్నాక ఎదురుగా కూర్చుని, ఆ రాయి సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “అయితే నా లెక్క సరిగ్గానే ఉండె. నేను పిచ్చోన్ని కాలేదు” అన్నాడు. మరుక్షణమే కోపం వచ్చింది. “ఇప్పుడు యాల చెప్తాండావు? నువ్వే గదా చెప్పేసిరమ్మంటివి! ఈ పిలకాయల్ని యాడికి ఎత్తుకుని పొయ్యేది? ఓనరుకు ఎదురు చెప్పి ఈ ఊర్లో ఎవరన్నా బతికినారా?”

“నిజమే, నేనే చెప్పిరమ్మంటి. ఇప్పుడు నేనే వద్దంటాండాను” అన్నాను. “కండ్లు పోయె, చెయ్యి పోయె. వానికి మిగిలింది నాలుగేండ్ల ఒట్టు ఒకటి. అదిగూడా మనం పెరక్కుంటే వాడు దేన్ని పట్టుకుని బతకాలయ్యా?”

ఆయన లేచి బయటకు పోయాడు. నాలుగు రోజులు ఊగిసలాడాడు. ఒక పూట చెబుతాననేవాడు, మరొక పూట ఓనరు జీపు లైన్ల ముందు నుండి పోతే మళ్లీ ముడుచుకుపోయేవాడు. నేను గొణగడం మానేశాను. మానేసి, సామాను సర్దడం మొదలుపెట్టాను. గిన్నెలు గోతంలో కట్టాను, ట్రంకు పెట్టె బయటకు లాగాను. ఆయన చూసి, ఇదేంది అన్నాడు. “ఇల్లు పోతాదని గదా నీ భయం, పోయిందనే అనుకుందాం. ఇంగ దేనికి భయపడతావో చెప్పు” అన్నాను. ఆయనకు నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఏడుపు వచ్చింది, ఇద్దరం ఆ ట్రంకు పెట్టె మీదే కూర్చుని ప్రార్థన చేశాం. అయ్యగారి దగ్గరకు కూడా పోయాను. అయ్యా, ఓనరు ఈ రేకులు ఊడదీసుకుపోతే ఏం చేస్తారంటే, ఎండలో ఆరాధన చేద్దాంలే అమ్మా అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ మరువలేదు.

విచారణ ట్రావెలర్స్ బంగళాలో జరిగింది. ఆఫీసరు పక్కనే ఓనరు కుర్చీ. మేము ఆడవాళ్లం వరండాలో, తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డాం. మా ఆయన చేతులు కట్టుకుని చెప్పాడు. “ఆరు ఇన్నాను సార్, ఏడోది ఇనలేదు. దిగొద్దన్నాను. మేనేజరు దించమన్నాడు. నేను ఇంగోసారి అడ్డం పడలేదు, అది నా తప్పు. మునెప్ప తాగలేదు సార్. పొద్దున్నుంచి నా పక్కనే ఉండె, నా సంగటే తినె.”

ఓనరు నవ్వి, కొండ మారుమోతలో ఎవడికైనా లెక్క తప్పుతుందన్నాడు. ఆఫీసరు మా ఆయన్ని అడిగాడు, నువ్వు రాళ్లతో లెక్కపెడతావట కదా, మిగిలిన రాయి ఏది? మా ఆయన తల దించుకున్నాడు. నన్ను చూపించలేదు సహోదరులారా! భార్య పేరు బయట పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. గడప దాటి లోపలికి పోయాను. “నాకు దొరికె సార్. జోబీలో ఉండె. నా మొగున్ని పట్టుకోని పోతారని నేనే కంచెలోకి పారేసి, లేదని ఈయనకే అబద్ధం చెప్పినాను” అన్నాను. ఓనరు నా వైపు తిరిగి, నెమ్మదిగానే, “నా ఉప్పు తింటిరే” అన్నాడు. “తింటిమి సార్, దానికే గదా ఇన్నాళ్లు నోరు మూసుకోనుండేది” అన్నాను. ఆఫీసరు నేను చెప్పింది మొత్తం రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

మూడో రోజుకే ఇల్లు పోయింది. ట్రంకు పెట్టె సిద్ధంగానే ఉంది కాబట్టి బండి ఎక్కడం సులువైంది! పుంగనూరులో మా ఆయన గోడలు కట్టే మేస్త్రీల కింద సిమెంటు మోశాడు, నేను ఇళ్లలో పాచిపని చేశాను, పిల్లల చదువు ఒక ఏడాది వెనకబడింది. కష్టం రాలేదని నేను చెప్పను, దేవుని ముందు అబద్ధాలు ఇక చాలు. మునెప్పకు కంపెనీ నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది. రేకులు ఎవరూ ఊడదీయలేదు, పైకి చూడండి, ఉన్నాయి.

మునెప్ప తప్పేమీ లేదని ఆఫీసరు తీర్పు వచ్చిందని తెలిసిన రోజే మేమిద్దరం మదనపల్లె పోయాం. మా ఆయన మునెప్ప మంచం మీద కూర్చుని, అతని ఎడమ చెయ్యి పట్టుకుని, “నువ్వు తాగలేదప్పా” అన్నాడు. మునెప్ప ముఖం మా ఆయన వైపు తిప్పాడు. “ఇంగోసారి చెప్పన్నా” అన్నాడు. మా ఆయన మళ్లీ చెప్పాడు. అప్పుడు మునెప్ప, “చెంగా! ఈడికి రా, నువ్వు గూడా ఇను!” అని ఆ వార్డంతా వినబడేలా కేక వేసి పిలిచాడు. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. మా ఆయన మూడోసారి చెప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడి దేవునికి స్తోత్రం చెప్పాను, ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు.

ఆ విడుదల నాది, మహిమ దేవునిది. నాకు భయం పూర్తిగా పోయిందని అనుకోవద్దు, ఇప్పటికీ జీపు చప్పుడు వింటే తలుపు గడియ వేసుకుంటాను. కానీ భయంతో ఉన్న మనిషిని కూడా గడప దాటించే దేవుడు మనకు ఉన్నాడు, ఆయన్ని నమ్మండి. మీలో ఎవరైనా, యజమాని కోసం ఒక అబద్ధాన్ని మోస్తూ ఈ బెంచీ మీద కూర్చుని ఉంటే, లేదా మీ ఇంటి మనిషి చేత మోయిస్తూ ఉంటే, కూడిక అయిపోయాక నా దగ్గరకు రండి. సాయంత్రం బస్సు దాకా నేను ఇక్కడే ఉంటాను. చెప్పాల్సిన చోటికి ఒంటరిగా పోలేకపోతే కబురు పెట్టండి, పుంగనూరు నుండి వచ్చి మీ పక్కన నిలబడతాను.