బ్రాడీపేట డాక్టరుగారి మట్టి ముఖాలు

మా ఆయన డాక్టర్ రామమూర్తి. పొద్దునా సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో సొంత క్లినిక్కు, మధ్యలో మెడికల్ కాలేజీలో పాఠాలు. ఇంటికొచ్చాక అన్నం సంగతి దేవుడెరుగు, మట్టి ముందేసుకుని కూర్చునేవారు. వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్ళ దగ్గర్నుంచి బంకమట్టి తెప్పించి, జబ్బుపడ్డవాళ్ళ ముఖాలు చేసేవారు. అందరి షోకేసుల్లో కొండపల్లి బొమ్మలుంటే, మా షోకేసులో పసుపు రంగేసిన కామెర్ల ముఖం, పక్షవాతంతో మూతి వంకరపోయిన ముఖం. వచ్చిన చుట్టాలు కాఫీ సగంలో వదిలేసి లేచిపోయేవారు.

ఆ ముఖాలే ఆయన పాఠాలు. నా చీరల్లో చుట్టి స్కూటర్ మీద కాలేజీకి మోసుకెళ్ళేవారు. మిషన్లు తర్వాత, ముందు మనిషి ముఖం చూడండ్రా అని చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నారు.

వాటన్నిటిలో ఆయనకు ప్రాణం యలమందయ్య ముఖం. అతను ప్రత్తిపాడు వైపు మిర్చి రైతు. భార్య పిచ్చమ్మ క్లినిక్కుకి తీసుకొచ్చి, మొగుడికి తన మీద ఎందుకో కోపమొచ్చిందనీ, ఏం చేసినా నవ్వడనీ, రెప్పైనా ఆర్పకుండా చూస్తాడనీ ఏడ్చింది. అది కోపం కాదు, పార్కిన్సన్స్ జబ్బు. ఒక్కోసారి చేతులు వణకకముందే ముఖంలో కదలిక పోతుందట. ఆయన యలమందయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ ముఖాన్ని మట్టిలోకి దించారు. ఆ పాఠం విన్న చైతన్యకృష్ణ అనే విద్యార్థి బొమ్మను అడిగి మరీ పట్టుకుపోయాడు. ఇప్పుడతను గుంటూరులో పెద్ద పేరున్న నరాల డాక్టరు.

నిరుడు మా ఆయన నవ్వడం మానేశారు. నా మీద కోపమనుకుని నేనూ మూతి ముడుచుకు తిరిగాను. పిచ్చమ్మ కథ విని నవ్వుకున్నదాన్ని, నాకు బుద్ధుండక్కర్లా? చివరికి నిలదీస్తే ఆయనే చెప్పారు, యలమందయ్య జబ్బే తనకూ వచ్చిందని. పదండి, చైతన్య దగ్గరికి వెళ్దామన్నాను. కదల్లేదు.

"నువ్వేం చెప్పొద్దు సుందరీ. ఇంతమందికి నేర్పాను. ఒక్కడు నా ముఖం చూసి కనుక్కోనీ. అప్పుడు మందు వేసుకుంటా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మొండితనం కాకపోతే ఏమిటిది? జబ్బు ముదిరేది ఈయనకా, వాళ్ళకా? అయినా నోరు మూసుకున్నాను. ఆ ఒక్కడు దొరక్కపోతే జన్మంతా చెప్పిన పాఠం గంగలో కలిసినట్టేనని ఆయన బాధ.

పాత విద్యార్థులు సన్మానం పెట్టారు. వరసగా వచ్చి శాలువాలు కప్పారు, అందరూ డాక్టర్లే. అందరూ ఆయన పక్కన నిలబడి కెమెరా వంక చూశారు. ఫోటోగ్రాఫర్ కొంచెం నవ్వమంటే, మా సార్ ఎప్పుడూ సీరియస్సేనని ఒకడు ఇకిలించాడు. ఎప్పుడూనట! క్లాసులో ఈయన జోకులకు పడీ పడీ నవ్వినవాడే వాడు.

చలికాలానికి చొక్కా గుండీలు నేనే పెట్టాల్సి వచ్చింది. మట్టి ఆయన వేళ్ళకు లొంగడం లేదు. ఇక నా వల్ల కాక, నీరసమని చెప్పి చూపించుకుందాం రమ్మని ఆటో ఎక్కించి చైతన్య ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆయన కాదనలేదు. సన్మానానికి రానిది వాడొక్కడే, చివరి ఆశా వాడే. నోరు విప్పనని మాత్రం నాచేత ఒట్టు వేయించుకున్నారు.

చైతన్య కాళ్ళకు దండం పెట్టాడు. కాఫీ తెప్పించాడు. రక్తపరీక్షలు చేయించి, కంప్యూటర్లో రిపోర్టులు చూస్తూ అంతా బాగుందనీ, ఈ వయసులో నీరసం మామూలేననీ అన్నాడు. తర్వాత హుషారుగా లేచి గాజు బీరువా తెరిచాడు. లోపల యలమందయ్య ముఖం.

"మా స్టూడెంట్లకి రోజూ ఇదే చూపిస్తాను సార్. ఆ రెప్పలు, ఆ పెదాలు... ఈ ముఖాన్ని జన్మలో మర్చిపోను."

మాకు వీపు పెట్టి, బొమ్మను వెలుతురులో అటూ ఇటూ తిప్పి మురిసిపోతున్నాడు. వెనక కుర్చీలో మా ఆయన అదే ముఖంతో కూర్చుని ఉన్నారు. ఒట్టు పక్కనపెట్టి చెప్పేద్దామని లేవబోయాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఆటో ఎక్కాక ఆయనే అన్నారు.

"తప్పు నాదే. వాళ్ళకి బొమ్మను చూడటం నేర్పాను."

మందుల చీటీ తనే రాసుకుంటానన్నారు. ఎంత బాధపడుతున్నారోనని ముఖంలోకి చూశాను. ఏమీ తెలియలేదు.