బరువు చాలని బండరాయి

ముబశ్శిరా ఆ బండరాయిని మూడుసార్లు ఎత్తించింది. మూడుసార్లూ అది దూదిమూటలాగానే లేచింది.

బండరాయి కంప్యూటరు తెరమీదిది. దానిని ఎత్తేది శిలజ అనే పదిహేనేళ్ళ అమ్మాయి. హైదరాబాదులోని ఒక చిన్న సంస్థ తయారుచేస్తున్న యానిమేషన్ సీరియలుకు ఆ అమ్మాయే కథానాయిక. ఆమెకు రెక్కలు లేవు, ముసుగు లేదు. పాదాలు నేలకు ఆని ఉన్నంతసేపు మాత్రం అంతులేని బలం ఉంటుంది. ఆ సంగతి ఊరిలో ఎవరికీ తెలియదు. మొదటి ఎపిసోడు చివర, గుహలో చిక్కుకున్న పిల్లల కోసం ద్వారానికి అడ్డుపడిన బండను ఆమె ఎత్తినప్పుడే లోకానికి తెలుస్తుంది. తొమ్మిది సెకన్ల ఆ దృశ్యాన్ని, నంద్యాలలో తన ఇంటి ముందుగదిలోనే కూర్చొని పనిచేసే ముబశ్శిరాకు అప్పగించారు.

మంగళవారం ఉదయం దర్శకురాలు ప్రసన్న ఫోన్ చేసింది.

“అమ్మాయి బాగుంది, రాయీ బాగుంది. కానీ రాయికి బరువు లేదు ముబశ్శిరా. బరువు లేకపోతే శిలజకు బలం లేదు. బలం లేకపోతే మనకు కథే లేదు.”

“ఇంకొక్కసారి చేస్తాను మేడమ్.”

“శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ కుదరకపోతే ఈ సీను వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదు. బాధపడకు.”

బాధపడకుండా ఎలా ఉంటుంది? శిలజ ముఖాన్ని మొట్టమొదట కాగితం మీద గీసినది ముబశ్శిరాయే. ఆ పిల్ల తన బలాన్ని తెలుసుకొనే ఘడియ పరాయి చేతిలోకి పోతుందంటే ఆమెకు కుర్చీలో నిలకడ లేకపోయింది. పది నిమిషాలు గీస్తుంది, లేస్తుంది, వాకిట్లో పుదీనా కుండీకి నీళ్ళు పోస్తుంది, మళ్ళీ వచ్చి కూర్చొని కాలు ఊపుతుంది.

“కాలు ఊపొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?” అని తల్లి మాబూబీ వంటింట్లోనుంచి అరిచింది. “పొద్దున్నించి ఆరుసార్లు నీళ్ళు పోస్తివి. ఆ పుదీనా ఏం పాపం చేసిందే? ఈత నేర్చుకోమంటాండావా దాన్ని?”

ముబశ్శిరాకు తెలిసిన మందు ఒక్కటే: బొమ్మలు పెంచడం. తెరమీద ఒక సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు పరుగెడతాయి. ఈ సీరియలు శైలి ప్రకారం ఒక్కొక్క బొమ్మ రెండు ఫ్రేముల పాటు నిలుస్తుంది కనుక, తొమ్మిది సెకన్లకు నూట ఎనిమిది బొమ్మలు చాలు. మూడవసారి ఆమె ప్రతి ఫ్రేముకూ ఒకటి చొప్పున రెండువందల పదహారు గీసింది. కదలిక నూనెలా జారింది. రాయి ఇంకా తేలికైంది.

ఈ పద్ధతి ఆమెకు తండ్రినుండి వచ్చింది. వాజిద్ ముప్పై ఏళ్ళుగా నంద్యాల దుకాణాలకు బోర్డులు రాసినవాడు. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత లారీల వెనుక పేర్లూ, గోడలమీద ఎరువుల ప్రకటనలూ మిగిలాయి. చిన్నప్పుడు గోడమీద గీత కొట్టే సున్నపుదారం పట్టి నిలబడిన కూతురికి ఆయన ఒకటే నేర్పాడు: కుంచె ఆనిందంటే గీత పూర్తయ్యేవరకు చేయి ఆగరాదు, ఆగినచోట రంగు ముద్దకడుతుంది. తొమ్మిదవ తరగతిలో ఆమెకు తెలుగు చెప్పినది నేనే; ఒకసారి ఆమె నోటుపుస్తకం దిద్దుతూ పుటల అంచులు గబగబా తిప్పితే, మూలన ఒక పిచ్చుక ఎక్కడా తడబడకుండా ఎగిరిపోయింది. దానిలో దిద్దవలసిన తప్పేమీ నాకు కనబడలేదు.

బుధవారం సాయంత్రం వాజిద్ ఆ దృశ్యాన్ని చూసి తల గోక్కున్నాడు.

“గీత బాగుండాది. రాయి సంగతి నాకేం తెలుసు? ఆళ్ళగడ్డకు పో. రాళ్ళతో బతికేటోళ్ళు ఆడుండారు. శిల్పాలు చెక్కే నరసింహులు బోర్డు నేనే రాసినా. వాజిద్ బిడ్డనని చెప్పు.”

గురువారం మొదటి బస్సుకే ఆమె బయలుదేరింది. దారిలో శిరివెళ్ళ ఊరు దాటేలోపు ఫోనులో తన బండరాయిని పదిసార్లు ఎత్తించి చూసుకుంది.

నరసింహులు శిల్పశాల ముందు ఆ ఉదయమే ఒక నల్లరాయిని దించారు. మనిషి ఎత్తు ఉన్న ఆ రాయిని నలుగురు కలిసి పాకలోకి జరపాలి. గడప దగ్గర విగ్రహానికి నునుపు పెడుతున్న రామేశ్వరమ్మ, ఫోను పైకెత్తి వీడియో తీస్తున్న ముబశ్శిరాను చూసి నవ్వింది.

“ఏం పాపా, రాయిని సినిమాకు పెట్టుకుంటాండావా? అది డాన్సు చెయ్యదే!”

“ఫోను ఆడ పెట్టు,” అన్నాడు, ఆమె వాజిద్ కూతురనీ ఏం పనిమీద వచ్చిందో అప్పటికే విన్న నరసింహులు. “కంటితో చూస్తే తెలిసేది కాదు. ఈ గునపం పట్టుకో.”

రాయి అంచు కింద దూర్చిన గునపంమీద ఆమె తన బరువంతా వేసింది. చెప్పులు జారాయి. భుజాలు చెవులదాకా లేచాయి. ఊపిరి బిగిసింది. రాయి ఉలకలేదు.

“ఏంది తాతా, కదల్లేదే?”

“యాడ కదుల్తాది? ముందు మనిషి కదలల్ల. రాయి ఊరికే చూస్తా ఉంటాది, ఈళ్ళకు చాతనైతాదా లేదా అని. ఊ, ఇంకొంచెం!”

మరో ఇద్దరు చేతులు కలిపారు. ఇంకా ఏమీ లేదు. అంతలో హఠాత్తుగా రాయి అంచు బొటనవేలి మందాన లేచింది. పక్కవాడు దాని కిందికి కొయ్యముక్క తోశాడు. అందరూ పట్టు వదిలారు. ముబశ్శిరా వదలలేదు; పళ్ళు బిగించి ఇంకా నొక్కుతూనే ఉంది.

“ఇడిసిపెట్టు! ఇడిసిపెట్టంటే!” అని నరసింహులు కేకవేశాడు. “గునపం జారితే దవడ పగులుతాది. లేపల్ల, కొయ్య పెట్టల్ల, ఇడిసిపెట్టి గాలి పీల్చుకోవల్ల. మళ్ళా లేపల్ల. ఆపకుండా ఎత్తేటోడు మా తావున బతకడు.”

ఆమె సిగ్గుపడి గునపం దించింది.

“అచ్చం నాయన పోలికే,” అన్నాడాయన, గొంతు తగ్గించి. “మా బోర్డు రాసినపొద్దు టీ ఇస్తే, పేరు పూర్తయ్యేదాకా తలెత్తలే. టీ చల్లారి నీళ్ళయిపాయ.”

ఆ నల్లరాయి పాకలోకి చేరేసరికి మధ్యాహ్నం అయింది. కదిలిన సమయం తక్కువ. ఆగిన సమయమే ఎక్కువ. తిరుగుబస్సులో ముబశ్శిరా కిటికీ చువ్వమీద వేళ్ళతో ఆగిన క్షణాలను లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

శుక్రవారం ఉదయం ఆమె గీయడానికి కాదు, చెరపడానికి కూర్చుంది. రెండువందల పదహారులో నలభై ఏడు బొమ్మలు మిగిలాయి. మొదటి మూడు సెకన్లూ బండ కదలదు. శిలజ మడమలు మాత్రం మట్టిలోకి దిగుతాయి, మెడ నరం లేస్తుంది. ఆ తరువాత ఒక్క ఉదుటున బండ వేలెడు లేచి ఆగుతుంది. దుమ్ము రాలుతుంది. మళ్ళీ వేలెడు. ప్రతి ఆగుడు దగ్గరా ఆమె చేయి, అలవాటు చొప్పున, ఇంకొక బొమ్మ చేర్చడానికి కలంవైపు పోయింది. ప్రతిసారీ వెనక్కు తీసుకుంది.

టీ గ్లాసుతో వచ్చిన వాజిద్ తెర ముందు నిలబడిపోయాడు. గ్లాసు పెదవి దాకా వెళ్ళి అక్కడే ఆగింది. దృశ్యం ముగిసిన తరువాత గాని ఆయన టీ గుక్క మింగలేదు.

“మధ్యలో నిలిపినావే!” అన్నాడు, కొంచెం నిష్ఠూరంగా.

“ఆపొద్దని నువ్వే చెప్తివి కదా నాయనా. అందుకే మూడుసార్లు పాడైంది.”

“నేను అక్షరానికి చెప్పినా. రాయికేం చెప్పలేదే!”

పదకొండు గంటలకు ఆమె దృశ్యాన్ని పంపింది. మూడు గంటలకు ఫోను మోగే లోపల పుదీనాకు నాలుగుసార్లు స్నానమైంది.

“మొదట ఫైలు పాడైందనుకున్నాను,” అంది ప్రసన్న. “రాయి కదలడమే లేదు! తర్వాత చూసుకుంటే నేను కుర్చీలోంచి లేచి ఉన్నాను.”

“అంటే సీను...”

“నీదే. ఇంకెవరికీ ఇవ్వను. కానీ పిల్లలు బయటికి వచ్చాక శిలజ ఆ బండను కింద పెట్టాలి కదా? అదీ నువ్వే చెయ్యాలి. సోమవారానికి.”

ఫోను పెట్టేసిన ముబశ్శిరా గట్టిగా నవ్వింది, తల్లిని వాటేసుకుంది, వచ్చి కూర్చుంది. అరనిమిషంలో కాలు ఊగసాగింది. రాయిని ఎత్తడం నేర్చుకొని వచ్చిందే గాని, దించడం ఎలాగో నరసింహులును అడగనే లేదు. ఆళ్ళగడ్డ బస్సుకని లేచి చెప్పుల కోసం వెతకసాగింది.

మాబూబీ ఆమెవైపు ఒకసారి చూసి, పుదీనా కుండీని ఎత్తి వంటింట్లో పెట్టుకుంది.