బాలింత బండి

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో, కాలువ గట్టు మీద మా తాతయ్య కారును దాటి వెళ్ళని బండి లేదు. కడియం నుంచి మొక్కలు వేసుకుని వెళ్ళే లారీల సంగతి సరే, పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్లు కూడా హారన్ కొట్టి మరీ దాటిపోయేవి. తాతయ్య మాత్రం రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, కొత్తగా నడక నేర్చిన పిల్లను నడిపిస్తున్నట్టు కారును పోనిచ్చేవారు.

అది తెల్ల అంబాసిడర్. మా నాన్న పెళ్ళికంటే పాతది. దాని ఇంజన్ అరిగిపోతే తాతయ్య రాజమండ్రిలో మొత్తం విప్పించి, సిలిండర్లను నున్నగా బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించారు. మా బాబాయికి అది బొత్తిగా నచ్చలేదు. తుక్కు కింద ఇచ్చేయమని చెప్పి చెప్పి విసిగిపోయాడు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర అందరి ముందూ తాతయ్య తేల్చి చెప్పేశారు.

"ఈసారి ఇంజన్ పట్టేసిందా, నేనే దగ్గరుండి తుక్కుకి తోలిస్తాను. అందాకా దాని జోలికి రాకురా."

పట్టేయడమంటే ఏమిటో ఆ తర్వాత ఆయనే నాకు చెప్పారు. కొత్తగా వేసిన సామాను లోపల బిగుతుగా ఉంటుందట. ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుందట. ఈలోగా తొందరపెడితే వేడెక్కి, పిస్టన్లు కదలకుండా బిగుసుకుపోతాయట. అందుకే రోజూ పొద్దున్నే కాస్త దూరం తీసుకెళ్ళి, కాసేపు నెమ్మదిగా, కాసేపు కొంచెం వేగంగా, మళ్ళీ నెమ్మదిగా నడిపి తీసుకొచ్చేవారు.

ఒకరోజు వెనకాల వస్తున్న రైతు ఒకాయన ఎంతసేపటికీ హారన్ కొట్టలేదు. చివరికి పక్కకి వచ్చి, మోపెడ్ మీంచే వంగి, లోపలికి చూస్తూ అడిగాడు.

"ఏవండీ, లోపల పురిటి మనిషున్నారాండీ?"

"లేదండీ, బండే బాలింత," అన్నారు తాతయ్య.

ఆ రైతు నవ్వు కాలువ అవతలికి వినిపించింది. అప్పటినుంచి ఊళ్ళో ఆ కారు పేరు బాలింత బండి అయిపోయింది. ఆ పేరు విని మామ్మ, "నా పురుళ్ళప్పుడు చూపించలేదు ఇంత మర్యాద," అని దెప్పింది.

ఆ ప్రయాణాలన్నిటికీ తాతయ్య నన్నే ఎక్కించుకునేవారు. నేను మాట్లాడే పిల్లను కాదు. ఎవరైనా పేరడిగితే తల వంచుకునేదాన్ని. మంచినీళ్ళు కావాలన్నా మామ్మ కొంగు పట్టుకుని లాగేదాన్ని తప్ప నోరు విప్పేదాన్ని కాదు. చుట్టాలు నా ఎదురుగానే "పాపం, మాటలు రావా?" అని అడిగేవారు. తాతయ్య ఎప్పుడూ ఏమీ అనలేదు. తన చెవులు మందగించాయని మాత్రం చెప్పారు.

"కారులో వేడి చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది అమ్మలూ. నాకేమో సరిగ్గా వినపడి చావదు. ఇంజన్ ఏమంటోందో నువ్వే విని చెప్పాలి."

అలా నాకొక ఉద్యోగం దొరికింది. బయలుదేరే ముందు ఆయన బానెట్ ఎత్తి, కార్బురేటర్ మీది చిన్న మరను స్క్రూడ్రైవరుతో తిప్పేవారు. సరిగ్గా ఉందా అంటే నేను తల ఊపేదాన్ని. "నా తల బానెట్లో ఉంది. నీ తల ఊపితే నాకెలా తెలుస్తుంది?" అనేవారు లోపల్నించి. ఇంజన్ మొరాయిస్తుంటే "ఇంకొంచెం", గొంతు నున్నబడితే "చాలు" అనడం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకు ఇంటికి వచ్చేదారి పొడుగునా నేనే మాట్లాడుతున్నాను. వంతెన ఎక్కుతున్నప్పుడు ఇంజన్ ఎలా మూలిగిందో, దిగేటప్పుడు ఎలా ఊపిరి తీసుకుందో చెబుతుంటే ఆయన చెవి నావైపు పెట్టి వినేవారు. అయితే అదంతా మా ఇద్దరి మధ్యే. ఇంట్లోకి అడుగుపెడితే నా నోరు మళ్ళీ మూతపడేది.

ఆ ఆదివారం మండపేట దగ్గర చుట్టాల గృహప్రవేశం. బాబాయి వచ్చి తాళాలు తీసుకున్నాడు. ఇన్నాళ్ళు నడిపాక ఇంకా భయమేంటని తాతయ్యను పక్కకి జరిపి తనే కూర్చున్నాడు. ముందు సీటులో వాళ్ళిద్దరి మధ్య నేను. వెనకాల మామ్మ, పిన్ని. బాబాయి ఊరి కబుర్లు పెద్ద గొంతుతో చెబుతూ లారీలను దాటిస్తున్నాడు. వెనక నవ్వులు. ఎండ పేలిపోతోంది.

అప్పుడు వినిపించింది. బావి గిలక కీచుమన్నట్టు సన్నగా, ఇంజన్ ముందు వైపు నుంచి. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఆగలేదు. దాని వెనకే ఇంజన్ గొంతు బరువెక్కింది. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నారు. ఆయనకు వినపడదు కదా. ఇంకెవరికీ పట్టలేదు. కారు తుక్కుకి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆయన మోకాలు మీద తట్టాను. కదల్లేదు.

"బాబాయ్, ఆపు!"

అంత గట్టిగా అరిచింది నేనేనని నాకే తెలియలేదు. బాబాయి ఉలిక్కిపడ్డాడు.

"ఏంటే! పిల్లి మీదకి ఎక్కించానా?"

"ఆపు బాబాయ్! పట్టేస్తుంది!"

కారు గట్టు పక్కన ఆగింది. తాతయ్య దిగి, తువ్వాలు చుట్టిన చేత్తో కాలుతున్న బానెట్ ఎత్తారు. గుప్పున ఆవిరి వచ్చింది. ఫ్యాను తిప్పే కొత్త బెల్టు సాగి, జారిపోతోంది. ఇంకొంచెం దూరం పోతే అంతేనని బాబాయే ఒప్పుకున్నాడు. ఇంజన్ చల్లారేదాకా చెట్టు నీడన కూర్చుని, బెల్టు బిగించి, కాలువ నీళ్ళు పోసి, గృహప్రవేశానికి భోజనాల వేళకు చేరాం. తిరుగు ప్రయాణంలో స్టీరింగు తాతయ్యకే ఇచ్చేశాడు బాబాయి. ఆ కారు ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లోనే ఉంది.

తాతయ్య పోయాక ఒకరోజు మాటల్లో ఆయన చెవుల సంగతి ఎత్తితే మామ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఆయనకి చెవుడేంటే? వంటింట్లో నేను గొణుక్కుంటే వీధి అరుగు మీంచి జవాబు చెప్పేవారు!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ తువ్వాలు. ఆయన దిగాక చుట్టుకున్నది కాదు. నేను మోకాలు మీద తట్టినప్పుడే అది ఆయన చేతికి చుట్టి ఉంది. నాకంటే ముందే ఆయన ఆ కీచు విన్నారు. విని, బానెట్ ఎత్తడానికి సిద్ధమై, అంత ఇష్టపడి బాగుచేయించుకున్న ఇంజన్ లోపల కాగిపోతుంటే నోరు మెదపకుండా కూర్చున్నారు.

నేనింకా తక్కువగానే మాట్లాడతాను. ఆఫీసులో అందరూ సరేనన్న పనిలో ఏదో తేడా నాకు వినిపించినప్పుడు, ఎవరో ఒకరు అంటారులే అని కాసేపు ఎదురుచూస్తాను. అప్పుడు నా కోసం ఆగిన ఆ తువ్వాలు చుట్టిన చెయ్యి కళ్ళముందు కదులుతుంది. గొంతు సవరించుకుని, ఒక్క నిమిషం ఆపమంటాను.