చింతచెట్టూ, రంపం మిషనూ, నల్లకోడీ

గాలివానకి మా పెరట్లో చింతచెట్టు పడిపోయింది. సరిగ్గా చెప్పాలంటే చెట్టు మా తోడికోడలి పెరట్లోది, పడింది మా పెరట్లో. వేళ్ళు వాళ్ళవైపు, కొమ్మలు మావైపు, మధ్యలో ఉండాల్సిన గోడ ఇటుకలుగా నేలమీద. ఆ వారం విడవలూరు చుట్టుపక్కల పడని చెట్టు లేదు కాబట్టి దేవుడు నామీదే కక్షగట్టాడని అనడానికి లేదు. అయినా అనుకున్నాను.

తోడికోడలంటే మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అని పిలవాల్సిన మనిషి. పిలిచి రెండేళ్ళయింది. మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకి వచ్చిన చుట్టాలకి మర్నాడు నేను చేపల పులుసు పెట్టాను. ఈవిడ ముద్ద నోట్లో పెట్టుకుని, పంక్తిలో అందరూ వింటుండగా, "ముందురోజే పెట్టుంటే బాగుండు" అంది. మా వైపు పులుసు ఒక రాత్రి నిలవుంటేనే రుచి అని మాకందరికీ తెలుసు. తెలిసిన సంగతిని పంక్తిలో చెప్పడమే ఆవిడ చేసిన నేరం. నేను వాళ్ళ పుట్టింటి పులుసు గురించి ఒక మాటన్నాను. ఆవిడ ఊరుకునే రకం కాదు, మా పుట్టింటినే ఎత్తింది. అంతటితో మాటలు బంద్.

బంద్ అంటే మరీ నోరు కుట్టుకుని కూర్చోలేదు. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ అదెలా కుదురుతుంది? నా నల్లకోడి ఒకటి గోడ కంతలోంచి రెండు పెరళ్ళూ తిరిగేది. ఏం చెప్పుకోవాలన్నా దానికి చెప్పేవాళ్ళం. "మే నల్లకోడీ, ట్యాంకు నిండి పొంగిపోతుండాది, మోటారు కట్టేయమని చెప్పు" అని ఆవిడ అటునుంచి అరిచేది. "కట్టేస్తుండారులే అని చెప్పుమే" అని నేను ఇటునుంచి. కరెంటు బిల్లు, పాలవాడి బాకీ, ఎవరింట్లో ఎవరికి సంబంధం కుదిరింది, అన్నీ ఆ కోడి చెవిన పడ్డాయి. మా ఊళ్ళో అలిగిన ఆడవాళ్ళందరూ చేసే పనే ఇది. కొందరు బర్రెతో మాట్లాడతారు, కొందరు చీపురుతో. ముందు ఎవరు మొహం చూసి పలకరిస్తే వాళ్ళు ఓడినట్టు.

మా ఆయనా బావగారూ మాత్రం రోజూ నా అంగట్లో ఒకే బల్లమీద కూర్చుని టీ తాగేవాళ్ళు. మగవాళ్ళకి పౌరుషం లేదు.

నాకు ఆవిడ లేకుండా తోచేది కాదు. ఇది ఇన్నాళ్ళూ కోడికి కూడా చెప్పలేదు. ఊళ్ళో వాళ్ళ గుట్టుమట్లు విని నాతో సమానంగా నవ్వగలిగింది ఆవిడొక్కతే. కోడి వింటుంది గానీ నవ్వదు కదా. అయినా ముందు నేను పలకరించడమా? ఛస్తే పలకరించను.

నాది రోడ్డుమీద టిఫిను అంగడి. దోసెలు, బజ్జీలు, పులిబొంగరాలు, అన్నీ కట్టెలపొయ్యి మీదే. ఏడాదికి సరిపడా కట్టె పెరట్లో అడ్డంగా పడుకుని ఉంటే, దాన్ని కోసేవాళ్ళు దొరకలేదు. ఫోను చేసినప్పుడల్లా "రేపొస్తామక్కా" అనేవాళ్ళు. వాళ్ళ రేపు రానేలేదు. గొడ్డలి పట్టిన మా ఆయన కాసేపటికే నడుం పట్టుకుని కూర్చున్నాడు. ముత్తుకూరులో కంపెనీ బస్సు నడిపే మనిషి, కూర్చునే పనైతే ఏదైనా చేస్తాడు. ఇక లాభం లేదని ఆయన్ని వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్ళి పెట్రోలు రంపం మిషను కొన్నాను.

కొట్టు భాయ్ మంచివాడే గానీ, అడిగేది నేనైతే జవాబు మా ఆయనకి చెప్పేవాడు. "పెట్రోల్లో ఈ ఆయిలు కలపండన్నా. చైనుకి పోసే ఆయిలు వేరే. కొత్త చైను సాగుద్ది, మాటిమాటికీ ఆపి, చల్లారినాక బిగించుకోవాల. కొత్తలో ఎక్కువ రెయిజ్ చెయ్యబాకండి" అని పూస గుచ్చినట్టు చెప్పాడు. మా ఆయన అన్నిటికీ తలూపాడు. ఇంటికొచ్చాక ఒక్కటి గుర్తులేదు. పైగా చైన్ ఆయిల్ డబ్బా దారిలో టీ కొట్టు బల్లమీద మర్చిపోయి వచ్చాడు.

మర్నాడు మిషనుకి పూజ. పసుపు, కుంకుమ, కర్పూరం, కొనకి గుచ్చిన నిమ్మకాయ. లారీ కొన్నా ట్రాక్టరు కొన్నా గుమ్మడికాయ కొట్టాలి కదా, దీనికెందుకు కొట్టకూడదన్నాడు మా ఆయన. కొట్టడమెందుకు, మిషనుతోనే కోద్దామన్నాను నేను. ఆ తెలివి నాదే, ఎవరిమీదా తోయను. ఇద్దరం వంతులవారీగా తాడు లాగీ లాగీ, అది ఎందుకు స్టార్టయిందో ఇద్దరికీ తెలియకుండానే స్టార్టయింది. బూడిద గుమ్మడికాయకి ఆనించాను. కాయ కనిపించలేదు. గుజ్జు మా ఆయన మొహాన, గింజలు నా కొప్పులో, పీచంతా మిషను కడుపులో. రెండు గుర్రుగుర్రులు పెట్టి ఆగిపోయింది. మూత విప్పి, చైను ఊడదీసి, తలపిన్నుతో గుమ్మడి పీచు లాగుతూ సాయంత్రందాకా కూర్చున్నాను. దిష్టి మాత్రం బాగా పోయినట్టుంది.

మళ్ళీ చైనెక్కించి మూత బిగించి, మర్నాడు పొద్దున అంగడి కట్టేశాక చింతకొమ్మ మీద పెట్టాను. కొత్త చైను కదా, వెన్నలో దిగినట్టు దిగాలి. దిగలేదు. పొగ మాత్రం వచ్చింది. ఎంత నొక్కినా బెరడు మీద రుద్దుతుందే తప్ప లోపలికి పోదు. గోడ ఇంకా పడకుండా మిగిలిన చోట తోడికోడలి తల లేచింది.

"మే నల్లకోడీ, చెట్టుకి నలుగు పెడతుండారు చూడు. ఇంక తలంటి పోస్తారేమో, కుంకుడుకాయలు కొట్టాలేమో అడుగు."

ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా పొగొచ్చింది.

"పళ్ళు ఎనక్కి తిరిగుంటే ఎవురికైనా నమలను రాదని చెప్పుమే. నిన్న ఎక్కించేటప్పుడే చూశా."

మిషను ఆపి చూశాను. నిజంగానే చైను తిరగేసి ఎక్కించాను. చెవులు కాలిపోయాయి. "నిన్ననే చెప్పుంటే నోటి ముత్యాలు రాలిపోతాయా అని అడుగుమే" అన్నాను కోడితో. కోడి ఇద్దర్నీ లెక్కచేయకుండా పేడకుప్ప కెలుకుతోంది. చైను తిప్పి ఎక్కించాను. ఈసారి కోసింది. సన్నటి పొట్టు పాదాలమీద పడుతుంటే నాకు పండగలా ఉంది. గోడ పైనున్న తల కూడా కొంచెం సంతోషంగానే దిగిపోయినట్టు అనిపించింది, నా భ్రమ కావచ్చు.

అలా కొమ్మలు కోస్తూ, ఆపుతూ, బిగిస్తూ మిషన్ని మచ్చిక చేసుకున్నాను. లేక అదే నన్ను చేసుకుంది. టీ కొట్టులో పోయిన చైన్ ఆయిలు కోసం మళ్ళీ నెల్లూరు ఎవరు పోతారు? బజ్జీలు వేయగా మిగిలిన నూనె గుడ్డలో వడగట్టి పోశాను. చైను వేడెక్కేకొద్దీ పెరడంతా మిరపకాయ బజ్జీల వాసన. రోడ్డున పోయేవాళ్ళు ఆగి "అంగడి ఇట్టా మార్చినారా అక్కా" అని అడిగారు. గోడవతలి నుంచి, "పక్కింట్లో ఏందో ఏపతుండారు, మనకి ఒకటన్నా పెట్టలా చూడుమే" అని వినిపించింది. నాకు నవ్వొచ్చింది. మిషను మోతలో ఆవిడకి వినపడకుండా నవ్వాను.

చివరికి మాను మిగిలింది. చెట్టుతోపాటు వేళ్ళు మట్టిని పట్టుకుని గోడలా లేచి, మనిషెత్తున నిలబడి ఉన్నాయి. వాటి వెనక, అక్క పెరట్లో, పెద్ద గుంట. తడి మట్టిలో వానపాములు పుష్కలంగా ఉండటంతో నల్లకోడి ఆ గుంటలోనే కాపురం పెట్టింది.

మా ఆయన డ్యూటీకి పోయాడు. నేను మాను మొదట్లో, వేళ్ళకి దగ్గరగా రంపం పెట్టాను. చింతమాను గట్టిది, సగం దాటేసరికి చైను వదులై వేలాడింది. భాయ్ చెప్పిన మాట గుర్తొచ్చి మిషను ఆపి, పక్కన పెట్టి, చల్లారేదాకా కూర్చున్నాను.

మోత ఆగిపోయాక రెండు చప్పుళ్ళు వినపడ్డాయి. ఒకటి గుంటలోంచి అక్క గొంతు. "రామే బైటికి. మీయమ్మ మిషను పట్టినాక కండ్లు కానరావు. ఆ మాను ఎగిరొచ్చి పడితే ఎవుర్నడగాల?" రెండోది మానులోంచి, కిర్రుమని. నేను కోసిన సందు దానంతటదే తెరుచుకుంటోంది. మట్టిగోడ మెల్లగా వెనక్కి వాలుతోంది. బరువు తగ్గిన వేళ్ళు మళ్ళీ తమ గుంటలోకి తాము పోబోతున్నాయని నాకు అప్పుడు తట్టింది. ఆ గుంటలో ఆవిడుంది.

"అక్కా!" అన్నాను. "అక్కా, బైటికి రా!"

ఆవిడ విన్నది. విని, కోడితోనే, "ఎవురో ఎవుర్నో పిలుస్తుండారు మే" అంది.

అంత కోపం నాకు జన్మలో రాలేదు. ఇటుకల మీదనుంచి దూకి, గుంట అంచున బోర్లాపడి, చేతికి దొరికిన జడ పట్టుకుని లాగాను. బండబూతులు తిట్టాను. జడతోపాటు మనిషి, మనిషితోపాటు బురద, అన్నీ కలిసి నామీద పడ్డాయి. వెనక మాను ఫెళ్ళున చీలింది. మొదలు లేచి, నిటారుగా నిలబడి, తన గుంటలో తాను ధడాల్న కూర్చుంది. నేల అదిరింది. గుంట లేదు. చెట్టెప్పుడూ పడనట్టు మొద్దు అక్కడ నిలబడి ఉంది.

ఇద్దరం బురదలో కూర్చున్నాం. ఆవిడ ఏదో అనబోయింది. నోరు తెరిచి, అలవాటుగా కోడి కోసం అటూ ఇటూ చూసింది. పేడకుప్ప దగ్గర లేదు. గోడ దగ్గర లేదు. మొద్దు కింద చూడటానికేమీ మిగల్లేదు. నేను కూడా వెతికాను. ఎంతసేపు వెతికినా కోడి లేదు.

ఇక వేరే దారిలేక ఆవిడ నా మొహం చూసింది.

"పులుసు బాగలేదని నేననలేదుమే," అంది. "ముందురోజు పెట్టుంటే బాగుండన్నా."

"అందురి ముందర అనాల్నా అక్కా?"

"అందురి ముందరే గదా తిన్నింది!"

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడకి, తను బతికినందుకు ఏడుస్తున్నానో, కోడి కోసం ఏడుస్తున్నానో అర్థంకాక, కొంగు అందించి, "నా జడ సగం నీ చేతిలోనే ఉండాది, పారెయ్" అంది.

ఆ సాయంత్రం పడవ దగ్గరికి పోయి చేపలు తెచ్చి పులుసు పెట్టాను. చింతకట్టె పచ్చిది, ఇల్లంతా పొగ. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన వాసన పట్టుకుని పళ్ళెం ముందేసుకుని కూర్చున్నాడు. మజ్జిగ పోశాను. పులుసు మీద మూతపెట్టి, మూతమీద రుబ్బురోలు పొత్రం పెట్టాను. రేపు అక్కొచ్చి తిన్నాకే ఎవరికైనా అని చెప్పాను.